డ్యాష్‌క్యామ్ కంటపడకుండా, దొంగల పాలవకుండా: బిగింపు నుంచి పార్కింగ్ దాకా

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: "డ్యాష్‌క్యామ్ పెట్టించుకోవాలనుంది. దాన్ని చూసి ఎవడైనా అద్దం పగలగొడితే ఎలా?" డ్యాష్‌క్యామ్ అంటే ముందు అద్దానికి బిగించి రోడ్డును రికార్డు చేసే చిన్న క్యామెరా. ఈ భయం సబబే. క్యామెరా పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. కానీ పగిలిన డోర్ గ్లాస్, డోర్ లోపలికి జారిన గాజు ముక్కలు, క్లెయిమ్ వేస్తే చేజారే నో క్లెయిమ్ బోనస్ (బీమా ప్రీమియంలో తగ్గింపు), స్టేషన్ చుట్టూ తిరుగుడు అన్నీ కలిపితే నష్టం క్యామెరా ధరను దాటిపోతుంది.

కాబట్టి కారు పక్కగా నడిచిపోయే మనిషికి లోపల క్యామెరా ఉందన్న ఆనవాలు దొరక్కుండా చేయడమే ఇక్కడ అసలు పని. ముందు క్యామెరా ఒక్కటే అయితే ఒక పూటలో అయిపోతుంది. వరస తప్పకుండా చేయండి. ముందు వైరు లాగేసి ఆ తర్వాత చోటు వెతికితే పని రెండింతలవుతుంది.

## 1. ముందు మీ కారును బయటి నుంచి చూడండి

చీకటి పడ్డాక కారును వీధి దీపం దగ్గర ఆపండి. ఫోన్ టార్చ్ పట్టుకుని నాలుగు వైపుల నుంచీ లోపలికి చూడండి. దొంగకు ఉండేది రెండు మూడు క్షణాలు. ఆ కాస్త సమయంలో అతని కంటికి ఏం తగులుతుందో మీకూ అదే తగులుతుంది.

చాలామంది క్యామెరా తీసి జేబులో వేసుకుంటే చాలనుకుంటారు. ముందు అద్దం మీద రబ్బరు కప్పు అంటిన గుండ్రటి మచ్చ మాత్రం అలాగే ఉండిపోతుంది. మన దగ్గర దుమ్ము ఎక్కువ కదా, ఆ జిడ్డు అంచు మీద సన్నటి దుమ్ము పట్టి సాయంత్రం వాలు ఎండలో మచ్చ తెల్లగా తేలి కనిపిస్తుంది. దాని కింద సాకెట్ నుంచి వేలాడే వైరు కూడా ఉంటే, క్యామెరా డ్యాష్‌బోర్డు అరలోనో సీటు కిందో ఉందని చెప్పినట్టే. అద్దం పగలడానికి ఆ అనుమానం చాలు.

చూడాల్సినవి:

☐ అద్దం మీద రబ్బరు కప్పు మచ్చ, పాత టేపు గుర్తు
☐ ఖాళీ స్టాండు, ఫోన్ హోల్డర్
☐ సాకెట్‌లో చార్జర్, దాని మీద వెలిగే నీలం లైటు
☐ పిల్లర్ (ముందు అద్దం పక్కనుండే స్తంభం) పక్కన, డ్యాష్‌బోర్డు మీద కనిపించే వైరు
☐ సీటు మీద బ్యాగు, క్యామెరా డబ్బా, కవరు

మచ్చను తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది, మెడికల్ షాపులో దొరుకుతుంది. లేకపోతే అద్దాలు తుడిచే ద్రవం వాడి, చివర్లో పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

## 2. ఏ రకం క్యామెరా దాచడానికి అనువు

దాచడమే లక్ష్యమైతే స్క్రీన్ లేని చిన్న క్యామెరా తీసుకోండి. నా అభిప్రాయంలో దీన్ని మించిన ఎంపిక లేదు. వీడియో ఫోన్‌లో చూసుకోవచ్చు కాబట్టి స్క్రీన్‌తో పెద్ద పని ఉండదు, పైగా రాత్రి మెరిసేది అదే.

రబ్బరు కప్పుతో అంటే రకం రోజూ తీసి పెట్టుకునేవాళ్లకు సరే. మన వేసవిలో అది తరచూ ఊడిపోతుంది, ఊడిన ప్రతిసారీ అద్దం మీద కొత్త మచ్చ పడుతుంది.

రెండు ముక్కల క్యామెరాలు కూడా ఉన్నాయి. అద్దం మీద లెన్స్ మాత్రమే ఉంటుంది, మెమరీ కార్డు ఉన్న పెట్టెను డ్యాష్‌బోర్డు కింద దాచుకోవచ్చు. దొంగ లెన్స్ పీక్కుపోయినా రికార్డింగ్ మీ దగ్గరే ఉంటుంది. టాక్సీ నడిపేవాళ్లు, రాత్రిళ్లు బండి బయట ఉంచేవాళ్లు దీని గురించి ఆలోచించాలి.

రియర్ వ్యూ మిర్రర్‌కు పూర్తిగా తొడిగే మిర్రర్ రకం దూరానికి మామూలు అద్దంలాగే కనిపిస్తుంది. రబ్బరు పట్టీలు, వెనక నుంచి దిగే వైరు మాత్రం దగ్గరికి వచ్చినవాళ్లకు తెలిసిపోతాయి. ఇందులోనూ స్క్రీన్ ఆర్పే సెట్టింగ్ తప్పనిసరి.

కొనేటప్పుడు ఇంకొకటి అడగండి: లోపల లిథియం బ్యాటరీ ఉందా, సూపర్ కెపాసిటరా? లిథియం బ్యాటరీ ఎండకు ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లకు సూపర్ కెపాసిటర్ ఉన్నదే కొనండి. ఈ విషయంలో రాజీ పడొద్దు.

## 3. చోటు ఎంచుకోవడం

మంచి చోటు రియర్ వ్యూ మిర్రర్ వెనకాల, కాస్త ఎడమ పక్కకు. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి క్యామెరా అతని చూపుకు అడ్డం రాదు. ముందు అద్దం పై అంచున నల్ల పట్టీ, దాని కింద నల్ల చుక్కల వరస ఉంటాయి. క్యామెరా ఒళ్లు ఆ నలుపులో కలిసిపోయి, లెన్స్ మాత్రం కింద తేటగా ఉన్న గాజులోంచి చూడాలి. నల్లటి క్యామెరా కొనమని చెప్పేది ఇందుకే. వెండి రంగు అంచు ఉంటే దాని మీద నల్ల గుడ్డ టేపు సన్నగా వేయండి. లెన్స్‌కూ గాలి రంధ్రాలకూ టేపు తగలకూడదు.

మూడు విషయాలు సరిచూసుకోవాలి.

వైపర్ తుడిచే భాగంలోనే లెన్స్ ఉండాలి. నీళ్లు చల్లి వైపర్ ఒకసారి తిప్పితే హద్దు తెలిసిపోతుంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వానలో వచ్చేటప్పుడు లెన్స్ ముందు నీళ్లు నిలిస్తే లారీ నంబరు పడదు.

మిర్రర్ వెనక రెయిన్ సెన్సర్ గానీ కంపెనీ బిగించిన క్యామెరా గానీ ఉంటే వాటికి అడ్డం రాకూడదు. పక్కకు జరపండి.

సన్ వైజర్ దించినప్పుడు క్యామెరాకు తగలకూడదు. చాలామంది ఇది చూసుకోరు. మొదటిసారి ఎదురెండలో వైజర్ దించగానే క్యామెరా వాలిపోతుంది.

"నల్ల ఫిల్మ్ వేయిస్తే అసలేమీ కనిపించదు కదా?" అని కొందరు అడుగుతున్నారు. ఆ దారి వద్దు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. నల్ల ఫిల్ముల మీద 2012లో సుప్రీంకోర్టు గట్టి ఆదేశాలే ఇచ్చింది. పైగా నల్లటి అద్దాల వెనక ఏదో ఉందన్న కుతూహలం పెరుగుతుందే తప్ప తగ్గదు.

## 4. అంటించే పని

పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద టేపు సరిగా పట్టదు.

ముందు క్యామెరాకు కరెంటు ఇచ్చి, వైరు తాత్కాలికంగా వదిలేసి, చేత్తో చోటులో పట్టుకుని ఫోన్‌లో చూడండి. రోడ్డు నిటారుగా, దూరపు అంచు వీడియోకు సగం ఎత్తులో, బానెట్ కింద కొద్దిగా కనిపించాలి. బానెట్ ఎక్కువగా పడితే ఎదుటి బండి నంబరుకు చోటు తగ్గుతుంది. ఆకాశం ఎక్కువగా పడితే ఎండకు వీడియో మొత్తం నల్లబడుతుంది. చోటు కుదిరాక బయటి వైపు నుంచి గాజు మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి.

తర్వాత లోపలి గాజును ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. క్యామెరా పెట్టెలో పారదర్శకమైన పల్చటి ఫిల్మ్ ఇచ్చి ఉంటే ముందు దాన్ని గాలి బుడగ లేకుండా అంటించి, దాని మీద టేపు వేయండి. రేపు క్యామెరా తీసేటప్పుడు ఫిల్మ్‌తో సహా శుభ్రంగా ఊడి వస్తుంది, అద్దం మీద గుర్తు మిగలదు.

స్టాండును టేపు మీద అరనిమిషం పాటు గట్టిగా అదిమి పట్టుకోండి. కుదిరితే క్యామెరాను అదే రోజు తగిలించకుండా స్టాండు ఒక్కటే ఒక రోజు ఉంచండి. టేపు పట్టు గంటగంటకూ పెరుగుతుంది.

పాత టేపు తీయాల్సి వస్తే బ్లేడు వాడొద్దు. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని టేపు వెనక రంపంలా లాగితే ఊడివస్తుంది.

## 5. వైరు దాచడం

చాలా కార్లలో క్యామెరాను పట్టించేది వైరే. ఈ భాగానికి తొందరపడొద్దు.

కావాల్సినవి: ప్లాస్టిక్ ట్రిమ్ కత్తి లేదా పాత ఏటీఎం కార్డు, నల్ల గుడ్డ టేపు, నాలుగైదు జిప్ టైలు, టార్చ్. లోహపు స్క్రూడ్రైవర్ దూరంగా పెట్టండి, అది రూఫ్ గుడ్డ మీద నొక్కు వదిలేస్తుంది.

మొదటి మెట్టు: క్యామెరా నుంచి వైరును నేరుగా పైకి, రూఫ్ లైనింగ్ అంచు దాకా తీసుకెళ్లండి. ఆ కాస్త దూరం నల్ల పట్టీ మీదుగానే పోవాలి. క్యామెరా దగ్గర వేలెడంత వైరు వదులుగా ఉంచండి, లేకపోతే కోణం మార్చేటప్పుడు పిన్ను విరుగుతుంది.

రెండో మెట్టు: వైరును రూఫ్ లైనింగ్‌కూ గాజుకూ మధ్య ఉన్న సందులోకి కార్డు అంచుతో మెల్లగా నెట్టుకుంటూ ఎడమ పిల్లర్ దాకా పోండి. ఈ పని వేళ్లతోనే అయిపోతుంది.

మూడో మెట్టు పిల్లర్, ఇక్కడ జాగ్రత్త. పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లలో సాధారణంగా పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్‌కు ముందు నుంచి పోకూడదు. అది తెరుచుకునే దారిలో వైరు ఉంటే ఎయిర్‌బ్యాగ్ సరిగా విప్పుకోకపోవచ్చు, వైరు, క్యామెరా ఎగిరి ముఖానికి తగలొచ్చు. ఎయిర్‌బ్యాగ్ వెనకగా, కంపెనీ వైర్ల గుత్తికి జిప్ టైతో కట్టి కిందికి దించాలి. పిల్లర్ కవరు ఊడదీయడం తెలియకపోతే ఈ ఒక్క మెట్టూ తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. షాపులో "అన్నా, ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచి వెయ్, ముందు నుంచి వద్దు" అని నోరు తెరిచి చెప్పండి, పక్కనే నిలబడి చూడండి. త్వరగా ముగించాలని డోర్ బీడింగ్ కిందికి ఇష్టమొచ్చినట్టు దూర్చేసే చేతులు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి.

పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ లేని పాత కారు అయితే డోర్ రబ్బరు బీడింగ్‌ను కొద్దిగా లాగి, వైరును దాని లోపలి అంచున పెట్టి మళ్లీ నొక్కేయండి. డోర్ పదిసార్లు వేసి తీసి చూడండి. వైరు నలిగినట్టు కనిపిస్తే చోటు మార్చాలి.

నాలుగో మెట్టు: డ్యాష్‌బోర్డు అర కింద నుంచి ఫ్యూజ్ బాక్స్ వైపు లాగండి. మిగిలిన వైరును గుండ్రంగా చుట్టి, గుడ్డ టేపు వేసి, అర వెనకాల కట్టండి. గుడ్డ టేపు ఎందుకంటే గతుకుల్లో టకటకలాడదు, ఎండకు జిగురు కారదు. వైరు పెడళ్ల వైపు ఏమాత్రం వేలాడకూడదు. బ్రేకు కింద చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

వెనక క్యామెరాకు వైరు రూఫ్ అంచు వెంట పోతుంది. అక్కడ కూడా పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటే ఇదే నియమం. డిక్కీ డోర్ దగ్గర కంపెనీ వైర్లు పోయే రబ్బరు గొట్టంలోంచే వేయాలి. వెనక అద్దం మీద సన్నటి వేడి గీతలు ఉంటే వాటి మీద టేపు అంటించొద్దు, తీసేటప్పుడు గీతలు లేచి వస్తాయి.

## 6. కరెంటు ఎక్కడి నుంచి

సాకెట్ నుంచి తీసుకోవడం తేలికే కానీ ఆ చార్జర్, దాని లైటు కనిపిస్తూనే ఉంటాయి. దాచాలంటే ఫ్యూజ్ బాక్స్ నుంచే తీసుకోవాలి.

ఫ్యూజ్ బాక్స్ నుంచి క్యామెరాకు కరెంటు ఇచ్చే హార్డ్‌వైర్ కిట్‌లో సాధారణంగా మూడు వైర్లు ఉంటాయి: ఎప్పుడూ కరెంటు ఉండేది, తాళం తిప్పితే వచ్చేది, బాడీకి తగిలించే ఎర్త్. రంగులు చాలా కిట్లలో పసుపు, ఎరుపు, నలుపు. మీ కిట్ కాగితంలో ఎలా ఉందో చూసుకునే కలపండి. పార్కింగ్ రికార్డింగ్ (బండి ఆపి ఉన్నప్పుడూ సాగే రికార్డింగ్) అక్కర్లేదనుకుంటే తాళంతో వచ్చే కరెంటు మీదే క్యామెరా నడిచేలా వేయించుకోండి, బ్యాటరీ గొడవే ఉండదు.

తాళంతో వచ్చే వైరుకు వరస ఇది:

1. బండి ఆపి, తాళం తీసి, మ్యాన్యువల్‌లో ఫ్యూజుల పట్టిక చూడండి.
2. తాళం తిప్పితేనే పనిచేసే, ప్రాణాధారం కాని ఫ్యూజు ఎంచుకోండి. యాక్సెసరీ సాకెట్ ఫ్యూజు మంచిది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్, స్టీరింగ్, హెడ్‌లైట్ ఫ్యూజుల జోలికి పోవద్దు.
3. మల్టీమీటర్‌తో చూడండి: తాళం తిప్పితే 12 వోల్టులు రావాలి, తీస్తే సున్నా కావాలి.
4. మీ కారు ఫ్యూజు సైజుకు సరిపోయే ఫ్యూజ్ ట్యాప్ (పాత ఫ్యూజు చోటులోంచే ఇంకో వైరుకు కరెంటు ఇచ్చే చిన్న ముక్క) పెట్టండి. పాత ఫ్యూజు పాత అంపియర్లతోనే ఉండాలి, క్యామెరాకు కిట్‌లో చెప్పిన ఫ్యూజు వేయాలి.
5. ఎర్త్‌ను రంగు లేని లోహపు బోల్టుకు బిగించండి. ప్లాస్టిక్‌ను పట్టి ఉన్న స్క్రూ పనికిరాదు.

కంపెనీ వైరు తొక్క గీకి, మెలితిప్పి, టేపు చుట్టే పద్ధతికి ఒప్పుకోవద్దు. అది రేపు షార్ట్ సర్క్యూట్‌కు దారి, వారంటీ దగ్గర వాదనకు కూడా దారి.

పార్కింగ్ మోడ్ కావాలంటే ఎప్పుడూ కరెంటు ఉండే వైరునూ కలిపి, వోల్టేజ్ కట్-ఆఫ్ (బ్యాటరీ ఎన్ని వోల్టులకు పడితే క్యామెరా ఆగిపోవాలో ఆ సంఖ్య) సరిగా పెట్టాలి. నిండుగా చార్జ్ అయిన మామూలు 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలైనాక 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టు. రోజూ నడిచే బండికి 12.2, వారానికి ఒకటి రెండుసార్లు తీసే బండికి 12.4 పెట్టండి. 11.8 లాంటి సంఖ్యలు కిట్‌లో ఉన్నా వాటిని ఎంచుకుంటే పొద్దున బండి స్టార్ట్ కాకపోవచ్చు.

అసలు పార్కింగ్ మోడ్ అవసరమా? పగలు ఎండలో ఆపే బండికి వద్దనే నా మాట. ఎవరైనా డోర్‌కు గీత పెట్టిన చోటును అది ఎక్కువసార్లు చూడనే చూడదు, ఈలోపు వేడికి క్యామెరా ఆయుష్షు తగ్గుతుంది. రాత్రి వీధిలో ఆపేవాళ్లకు అయితే ఉపయోగం ఉంది.

## 7. లైట్లు, మాటలు, వైఫై

సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాల్సినవి:

☐ రికార్డింగ్ లైటు ఆఫ్. ఆర్పే వీలు లేకపోతే దాని మీద చిన్న నల్ల టేపు ముక్క
☐ స్క్రీన్ నిమిషంలో ఆరిపోయేలా
☐ స్టార్ట్ అయినప్పుడు, ఆగినప్పుడు వచ్చే గొంతు, సంగీతం ఆఫ్
☐ వైఫై ఎప్పుడూ వెలిగి ఉండకుండా, మీరు నొక్కితేనే ఆన్ అయ్యేలా
☐ వైఫై పాస్‌వర్డ్ మార్పు. చాలా క్యామెరాలు 12345678తోనే వస్తాయి
☐ వైఫై పేరులో కంపెనీ పేరు, మోడల్ పేరు ఉంటే మార్పు

చివరి రెండూ చిన్నవే అనిపిస్తాయి. పార్కింగ్‌లో ఫోన్ తీసి వైఫై జాబితా చూస్తే ఏ బండిలో ఏ క్యామెరా ఉందో తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ మార్చకపోతే మీ వీడియోలు, అంటే మీ ఇల్లు, మీ వేళలు, పక్కవాడి ఫోన్‌లోకి పోతాయి.

అద్దెకు తిప్పే కార్లలో లోపలి మాటల రికార్డింగ్ ఆపేయండి, లేదా ఎక్కినవాళ్లకు చెప్పండి.

## 8. ఎండ నుంచి కాపాడటం

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం మూసి ఉంచిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. చాలా క్యామెరాల మీద 60 డిగ్రీల దాకా పనిచేస్తుందని రాసి ఉంటుంది, గాజును ఆనుకుని ఉన్న క్యామెరా దాన్ని సులువుగా చేరుకుంటుంది.

మెరిసే సన్‌షేడ్ వాడే పద్ధతిలో ఒక చిక్కుంది. షేడ్‌ను క్యామెరా మీదుగా వేస్తే క్యామెరా గాజుకూ షేడ్‌కూ మధ్య ఇరుక్కుని, అటు నుంచి ఎండ, ఇటు నుంచి షేడ్ తిప్పికొట్టే వేడితో రొట్టెలా కాలుతుంది. మిర్రర్ దగ్గర షేడ్‌ను క్యామెరా కొలతకు కత్తిరించి, అంచులకు టేపు కుట్టు వేసుకోండి. క్యామెరా వెనక భాగానికి కారు లోపలి గాలి తగలాలి.

ఆఫీసు బయట రోజంతా ఆపేవాళ్లు ముందు అద్దం పడమటికి తిరగకుండా పెట్టండి. వేప, కానుగ నీడ దొరికితే అంతకన్నా మేలు లేదు. జనం తిరిగే నీడ అయితే దొంగతనం పరంగానూ మంచిదే.

స్టాండు నుంచి క్యామెరా తేలిగ్గా ఊడి వచ్చే రకమైతే నడివేసవిలో తీసి వెంట తీసుకెళ్లండి. అద్దం మీద మిగిలే స్టాండు నల్లగా, చిన్నగా, మిర్రర్ వెనకే ఉంటుంది కాబట్టి పట్టుబడదు.

## 9. ఆపే చోటు, ఆపే తీరు

తీసి దాచేవాళ్లు చేసే తప్పు ఒకటే: బండి ఆపాక తీయడం. కర్నూలు రాజవిహార్ దగ్గరో కడప ఏడురోడ్ల దగ్గరో బండి ఆపి, తీరిగ్గా క్యామెరా ఊడదీసి, దిగి, డిక్కీలో పెట్టి వెళ్తే చూసేవాళ్లందరికీ చూపించినట్టే. ఒక వీధి ముందే పక్కకు ఆపి ఆ పని ముగించుకుని, గమ్యం దగ్గర నేరుగా దిగి వెళ్లిపోండి.

ఎక్కువసేపు బండి వదిలే చోట్లు మనకు చాలా ఉన్నాయి. గండికోటలో కోట లోపల నుంచి పెన్నా లోయ అంచు దాకా నడిచి తిరిగి రావడానికి గంటలు పడుతుంది. ఒంటిమిట్ట కల్యాణానికి, పెద్ద దర్గా ఉరుసుకు వెళ్తే బండి ఎక్కడో దూరంగా మైదానంలో ఉంటుంది. ఇలాంటప్పుడు రుసుము తీసుకుని చీటీ ఇచ్చే పార్కింగ్, మనుషులు తిరిగే దారి, దీపం కింద చోటు, ఈ వరసలో ఎంచుకోండి. మూలకు, లారీల మధ్యకు, గోడ పక్కకు పెట్టొద్దు.

మంత్రాలయంలో తుంగభద్ర స్నానానికి దిగేటప్పుడు తాళం బట్టల్లో మడిచి గట్టు మీద వదలొద్దు. అద్దం పగలగొట్టే కష్టం కూడా ఉండదు దొంగలకు. ఒకరు గట్టు మీద ఉండి, మిగతావాళ్లు స్నానం చేయండి.

సర్వీసింగ్‌కు, కార్ వాష్‌కు ఇచ్చే ముందు మెమరీ కార్డు తీసి పర్సులో పెట్టుకోండి. క్యామెరా బండిలోనే ఉందని జాబ్ కార్డు మీద రాయించండి.

బండి వదిలి వెళ్లే ముందు:

☐ సాకెట్ ఖాళీ
☐ సీట్లు ఖాళీ
☐ డ్యాష్‌బోర్డు అర మూసి ఉంది
☐ అద్దాలన్నీ పూర్తిగా పైకి
☐ రిమోట్ నొక్కాక హ్యాండిల్ లాగి చూశారు

## 10. కార్డు పోతే అన్నీ పోయినట్టే

ఎండ్యూరెన్స్ రకం మెమరీ కార్డు వాడండి. మామూలు కార్డు పగలూ రాత్రీ రాయడాన్ని తట్టుకోలేదు. 64 జీబీ కార్డులో ఫుల్ హెచ్‌డీ వీడియో, నాణ్యతను బట్టి సుమారు ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. ఆ తర్వాత పాతది చెరిగి కొత్తది పడుతుంది. కాబట్టి హైవేలో ఏదైనా జరిగితే ఆ ముక్కను ఇంటికి వచ్చేదాకా ఆగకుండా లాక్ బటన్ నొక్కి, బండి ఆపి ఫోన్‌లోకి దించుకోండి. నెలకొకసారి క్యామెరాలోనే కార్డును ఫార్మాట్ చేయాలి.

## 11. ముందే చేసి పెట్టుకోవాల్సిన కాగితాలు

క్యామెరా సీరియల్ నంబర్, బిల్లు, బిగించిన తర్వాత తీసిన ఫొటో, ఈ మూడూ మీ మెయిల్‌కు పంపి ఉంచండి. సిమ్ ఉన్న క్యామెరా అయితే ఐఎంఈఐ నంబరు కూడా. క్యామెరా వెనక మీ బండి నంబరు సూదితో గీసి పెట్టండి, దొరికితే మీదేనని చెప్పడం సులువవుతుంది.

కారు కంపెనీ బిగించి ఇవ్వని ఎలక్ట్రానిక్ సామాను పాలసీలో విడిగా చూపిస్తేనే దానికి రక్షణ. దీనికి ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు నిబంధన) ఉంది. టారిఫ్ ప్రకారం సామాను విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. రెన్యువల్ అప్పుడు ఏజెంటును అడిగి, పాలసీ కాగితంలో పడిందో లేదో చూసుకోండి.

అద్దం పగిలితే క్లెయిమ్ వేసే ముందు లెక్క వేయండి. గాజుకు తరుగుదల కోయరు, కానీ తప్పనిసరిగా మీరు భరించాల్సింది 1500 సీసీ దాకా కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. దానికి తోడు 20 నుంచి 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చిన్న కారు పక్క అద్దానికి జేబులోంచి పెట్టుకోవడమే లాభం కావచ్చు.

## 12. పగలగొట్టి తీసుకుపోతే

లోపల చేయి పెట్టొద్దు. ముందు ఫొటోలు తీయండి: కారు మొత్తం, పగిలిన అద్దం, నేల మీద గాజు, చుట్టుపక్కల షాపుల సీసీ క్యామెరాలు ఎటు చూస్తున్నాయో. ఆ షాపులవాళ్లను అప్పుడే కలిసి రికార్డింగ్ చెరగకుండా ఉంచమని అడగండి. చాలా సీసీ క్యామెరాల్లో పాతవి వాటంతటవే చెరిగిపోతాయి.

112కు ఫోన్ చేయండి. ఊరు కాని ఊళ్లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. సీరియల్ నంబరు అందులో రాయించండి.

వెనక క్యామెరాలోనో ఫోన్‌లోనో దొంగ పడి ఉంటే ఆ వీడియోను కత్తిరించొద్దు, వాట్సాప్‌లో పంపి అసలుది చెరిపేయొద్దు. అసలు కార్డు అలాగే తీసి పక్కన పెట్టండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. కార్డు మార్చకుండా ఉంచితే ఆ పని సులువవుతుంది.

పక్క అద్దాలు గట్టిపరచిన గాజు, పగిలితే చిన్న చిన్న గింజల్లా రాలి డోర్ లోపలికి దిగుతాయి. కొత్త అద్దం వేసే ముందు డోర్ ప్యానెల్ విప్పి, వ్యాక్యూమ్ పెట్టి తీయించండి. లేకపోతే అద్దం ఎక్కించి దించే యంత్రంలో గాజు నలిగి, కొత్త అద్దం మీద గీతలు పడతాయి. సీటు బెల్టు లోపలికి పోయే సందులో కూడా చూడమనండి.

కొత్త క్యామెరా బిగించేటప్పుడు పాత చోటునే వాడుకోవచ్చు, వైరు ఇప్పటికే లోపల ఉంది కదా. అయితే ముందు మళ్లీ ఒక రాత్రి టార్చ్ పట్టుకుని బయట నిలబడి చూడండి. పోయినసారి దొంగలకు ఏది కనిపించి ఉంటుందో అది సరిచేశాకే కొత్తది తగిలించండి.